తరగతి గదిలో బిడ్డ సొంత ఆలోచనకు చోటు

చిన్నపిల్లల చదువు గురించి ఈ నెల వచ్చిన లేఖల్లో చాలావరకు ఒకే సందేహం కనిపించింది. బొమ్మలు వేయడం, కథలు అల్లడం, ప్రశ్నలు అడగడం, చేతికి దొరికిన వస్తువులతో ఏదో ఒకటి తయారుచేయడం వంటి వాటికి బడిలో సమయం ఇవ్వవచ్చా, ఇస్తే అసలు చదువు వెనకబడదా అని తల్లిదండ్రులూ ఉపాధ్యాయులూ అడుగుతున్నారు. ఎక్కువగా మూడు నుంచి ఎనిమిదేళ్ల లోపు పిల్లలకు సంబంధించిన లేఖల్లోంచి ఆరింటిని ఎంచుకుని సమాధానాలు ఇస్తున్నాను. కొన్నింటికి వివరంగా, కొన్నింటికి క్లుప్తంగా రాయవలసి వచ్చింది.

ప్రశ్న: మా పాప యూకేజీ చదువుతోంది. ఇంట్లో మేం నలుగురం. వాళ్ల నాయనమ్మ వంట చేస్తున్నట్లు బొమ్మ వేసి బడికి తీసుకెళ్తే, చేతులు తలలోంచి వచ్చాయని, పొయ్యికి నీలం రంగు వేసిందని టీచరు గారు ఇంటూ గుర్తు పెట్టి, పక్కనే సరైన బొమ్మ వేసి పంపారు. అప్పటి నుంచి పాప పెన్సిలు నా చేతికిచ్చి "నాకు రాదు, నువ్వే వెయ్యమ్మా" అంటోంది. దగ్గర కూర్చోబెట్టుకుని బొమ్మలు సరిగ్గా వేయడం నేనే నేర్పాలా? ఆ బొమ్మను లేఖతో పంపుతున్నాను.
— ఒక తల్లి, ఖమ్మం

జవాబు: మీరు పంపిన బొమ్మను చాలాసేపు చూశానమ్మా. పెద్ద గుండ్రటి తల, తలకు రెండు పక్కలా చేతులు, చేతుల చివర విచ్చుకున్న వేళ్లు ఒకవైపు ఐదు, మరోవైపు ఏడు. కుడిచేతిలో నాయనమ్మ కంటే పొడవైన గరిటె ఉంది. కాగితం అడుగున ఈ చివరి నుంచి ఆ చివరి వరకు ఒక గీత, దాని మీద పొయ్యి, పొయ్యి మీద గిన్నె, గిన్నె లోపలి అన్నం మెతుకులు కూడా బయటికి కనిపిస్తున్నాయి. పక్కన వరుసగా నాలుగు కంచాలు ఉన్నాయి. ఇంట్లో నలుగురు ఉంటారని మీరే రాశారు. మనిషికొక కంచం చొప్పున లెక్క చూసుకుని గీసిన ఈ బిడ్డ, అంకెల చదువుకు పునాది అయిన ఒకటికొకటి జతచేసే పనిని ఎవరూ చెప్పకుండానే చేసింది. ఇంటూ గుర్తు పడిన కాగితంలో ఇంత చదువు ఉంది.

తలలోంచి చేతులు రావడం ఈ వయసు పిల్లల బొమ్మల్లో సహజమైన దశ. రెండేళ్ల వయసులో పిల్లలు చేయి కదిలించే ఆనందం కోసమే గీతలు గీస్తారు. మూడేళ్లకు కాస్త అటూ ఇటూగా ఆ గీత తిరిగి వచ్చి మొదలైన చోటే కలుసుకుంటుంది. ఆ గుండ్రంలో రెండు చుక్కలు పెట్టి కళ్లంటారు, కింద రెండు నిలువు గీతలు గీసి కాళ్లంటారు, అక్కడితో మనిషి పూర్తవుతాడు. మొండెం, మెడ, భుజాలు తర్వాత ఒక్కొక్కటిగా వచ్చి చేరతాయి. ఆస్ట్రియాలో పుట్టి అమెరికాలో చిత్రకళా బోధన గురించి పనిచేసిన విక్టర్ లోవెన్‌ఫెల్డ్ 1947లో ప్రచురించిన పుస్తకంలో ఈ క్రమాన్ని దశలవారీగా వివరించారు. ఆయన వర్గీకరణ ప్రకారం నాలుగు నుంచి ఏడేళ్ల మధ్య పిల్లలు తమకు ముఖ్యమనిపించిన దాన్ని పెద్దదిగా వేస్తారు, రంగును పోలిక కోసం కాక ఇష్టం కొద్దీ ఎంచుకుంటారు. లోపల ఉందని తెలిసిన వస్తువును బయటికి కనిపించేలా వేయడం, కాగితం అడుగున నేలగీత గీసి అన్నింటినీ దాని మీద నిలబెట్టడం కూడా ఎదుగుతున్న పిల్లల బొమ్మల్లో తరచుగా కనిపించేవే. మీ పాప గరిటెను అంత పెద్దదిగా వేసిందంటే నాయనమ్మ అనగానే ఆ పాపకు మొదట గుర్తొచ్చేది గరిటె అని అర్థం. నీలం రంగు పొయ్యి గురించి దిగులు అవసరం లేదు. గ్యాసు పొయ్యిని రోజూ చూసే బిడ్డ మంట రంగునే పొయ్యికి వేసి ఉండవచ్చు కూడా. ఆ మాట పాపను అడిగితేనే తెలుస్తుంది.

ఇంటూ గుర్తు కంటే, పక్కన వేసిచ్చిన సరైన బొమ్మ ఎక్కువ నష్టం చేస్తుందని నా అభిప్రాయం. బొమ్మ అంటే పెద్దవాళ్లు వేసేదని, తాను దాన్ని చూసి దింపాలని, దింపలేకపోతే తనకు రాదని పాప అనుకుంటోంది. "నువ్వే వెయ్యి" అనే మాటకు మూలం అదే. కాబట్టి మీరు దగ్గర కూర్చోండి, కానీ పెన్సిలు మాత్రం అందుకోవద్దు. ఆవు బొమ్మ వేయడం రాదంటే ఆవు దగ్గరికి తీసుకెళ్లి, కాలు ఎక్కడ మొదలైంది, తోక ఎంత కిందికి వచ్చింది, చెవి ఎటు తిరిగి ఉంది అని ఇద్దరూ కలిసి చూడండి. చూసి వచ్చాక ఎలా వేయాలో పాప నిర్ణయించుకుంటుంది. బొమ్మ పూర్తయ్యాక "ఇదేమిటి?" అని అడగడం కంటే "దీని సంగతి చెప్పు" అనడం మేలు, ఎందుకంటే మొదటి ప్రశ్న విన్న బిడ్డకు తన బొమ్మ ఎవరికీ అర్థం కాలేదనిపిస్తుంది. పాప చెప్పిన మాటలను అదే కాగితం అడుగున ఆమె ఎదుటే రాసి, వేలు పెట్టి చదివి వినిపించండి. "నాయనమ్మ అన్నం వండింది. నాకు గడ్డపెరుగు పెట్టింది" అని రెండు వాక్యాలు చాలు. తాను పలికిన మాట అక్షరంగా మారి మళ్లీ మాటగా వినిపించడాన్ని చూసిన బిడ్డకు చదవడం అంటే ఏమిటో తెలిసినట్లే.

టీచరు గారితో మాట్లాడేటప్పుడు తప్పెవరిది అనే ప్రస్తావన తేకండి. తరగతిలో అంతమంది పిల్లలతో ఆమెకూ తీరిక ఉండదు. వారానికి ఒక తెల్ల కాగితం మీద పాప సొంతంగా వేసుకునేలా, దాని మీద మార్కులూ గుర్తులూ పెట్టకుండా ఉండేలా వీలవుతుందా అని మాత్రం అడగండి. అచ్చు వేసిన బొమ్మలకు రంగులు నింపే పుస్తకాలు మీ ఇంట్లో ఉంటే వాటిని దాచేయనక్కర్లేదు. గీత దాటకుండా చేయి నడపడం వాటి వల్ల అలవాటవుతుంది. అయితే ఆ బొమ్మను ఆలోచించి గీసింది వేరొకరు కనుక, పాప సొంత బొమ్మకు అవి ప్రత్యామ్నాయం కాలేవు.

ప్రశ్న: నాగర్‌కర్నూల్ జిల్లాలో ఏకోపాధ్యాయ పాఠశాలలో ఎస్‌జీటీగా (సెకండరీ గ్రేడ్ టీచరుగా) పనిచేస్తున్నాను. ఒకటి నుంచి ఐదు వరకు కలిపి 26 మంది పిల్లలు, ఒక గది, ఒక వరండా ఉన్నాయి. శిక్షణకు వెళ్తే కృత్యాలు చేయించమంటారు. పర్యవేక్షణకు వచ్చినవారు పాఠాలు ఎంతవరకు అయ్యాయి, నోటుపుస్తకాలు దిద్దారా అని చూస్తారు. ఇన్ని తరగతుల మధ్య సృజనాత్మకతకు వేరే పీరియడు ఎక్కడి నుంచి తేవాలి?
— ఒక ఉపాధ్యాయుడు

జవాబు: మాస్టారూ, వేరే పీరియడు వెతకవలసిన పని లేదు. మీరు చెప్పవలసిన పాఠంలోనే, పిల్లవాడు తన బుర్రతో నిర్ణయం తీసుకోవలసిన ఒక చోటు వదిలితే చాలు. నేను సృజనాత్మకత అనేది దాన్నే. చార్టులు అలంకరించడం, వార్షికోత్సవానికి నృత్యం నేర్పడం మంచివే అయినా, వాటిలో చాలాసార్లు నిర్ణయాలన్నీ పెద్దవాళ్లవే అవుతాయి.

లెక్కల్లో ఒక ఉదాహరణ చూద్దాం. "7కు 5 కలిపితే ఎంత?" అన్న ప్రశ్నకు ఒకటే జవాబు, అది చెప్పినవాడితో పాఠం ముగుస్తుంది. దాన్నే తిప్పి, పిల్లలకు తలా 12 చింతపిక్కలు ఇచ్చి, "వీటిని రెండు కుప్పలుగా ఎన్ని విధాలుగా పెట్టగలరో చూడండి" అని అడగండి. ఒకటో తరగతి పిల్లలు నేల మీద కుప్పలు పెడుతూ, చెరుపుతూ, మళ్లీ పెడుతూ ఉంటారు. రెండో తరగతివారు దొరికిన ప్రతి జతనూ పలక మీద రాస్తారు. రాస్తూ రాస్తూ 1, 11 తర్వాత 2, 10 వస్తుందని, ఒక కుప్ప ఒకటి పెరిగితే రెండోది ఒకటి తగ్గుతుందని ఎవరో ఒకరు గమనిస్తారు. ఆ మాట మీ నోట రాకూడదు, పిల్లల నోటే రావాలి. 6, 6 దాటాక అవే జతలు తిరగబడి వస్తున్నాయని గ్రహించిన పిల్లలు "5, 7నూ 7, 5నూ ఒకటేనా, వేరా?" అని తగువు పడతారు. ఆ తగువును తీర్చేయకుండా కాసేపు సాగనివ్వండి, ఎందుకంటే అసలు గణితం అక్కడే ఉంది. ఒకటే అనుకుంటే, ఖాళీ కుప్ప కుదరదనుకుంటే ఆరు విధాలు వస్తాయి. నాలుగు, ఐదు తరగతుల పిల్లలకు అదే రోజు అవే 12 పిక్కలను మూడు కుప్పలు చేయమనండి. ప్రతి కుప్పలో కనీసం ఒక పిక్క ఉండాలి, కుప్పల వరుస లెక్కలోకి రాదు అంటే అక్కడ 12 విధాలు ఉంటాయి; ఒక క్రమం పెట్టుకోకపోతే అన్నీ దొరకవు. ఒకే సామగ్రితో మీ తరగతులన్నీ పని చేస్తున్నాయి, కూడిక పాఠం కూడా అయిపోయింది. పలక మీద రాసిన జతలను నోటుపుస్తకంలోకి ఎక్కిస్తే పర్యవేక్షణకు వచ్చినవారికి చూపడానికి రాతపనీ ఉంటుంది.

తెలుగు పాఠమైనా ఇదే పద్ధతి. కథ చెబుతూ నక్క బావిలో పడిన చోట ఆపి, ఎలా బయటపడుతుందో జంటలుగా మాట్లాడుకుని చెప్పమనండి. పుస్తకంలోని ముగింపును ఆ తర్వాత చదివితే, తమ ముగింపుతో పోల్చుకుంటూ మరింత శ్రద్ధగా వింటారు.

తరగతుల సర్దుబాటు గురించి ఒక మాట చెప్పాలి. మదనపల్లె దగ్గరి రిషీవ్యాలీ విద్యాసంస్థకు అనుబంధంగా ఉన్న గ్రామీణ విద్యా కేంద్రం, చుట్టుపక్కల పల్లెల్లోని ఏకోపాధ్యాయ బడుల కోసమే ఒక పద్ధతిని రూపొందించింది. పాఠ్యాంశాన్ని చిన్న చిన్న మెట్లుగా విడగొట్టి, ఒక్కో మెట్టుకు కార్డులు తయారుచేశారు. ప్రతి పిల్లవాడూ గోడ మీది నిచ్చెన పటంలో తాను ఏ మెట్టు మీద ఉన్నాడో చూసుకుని, తన కార్డు తానే తీసుకుని పనిలోకి దిగుతాడు. కొందరు టీచరు దగ్గర, కొందరు తోటివారితో, కొందరు ఒంటరిగా పని చేస్తుంటారు. కర్ణాటకలో 1995లో మైసూరు జిల్లా హెచ్.డి. కోటె ప్రాంతంలో మొదలైన నలి–కలి అనే బోధనా కార్యక్రమం, ఆ తర్వాత తమిళనాడులో వచ్చిన కృత్యాధార విధానం ఈ అనుభవం నుంచే ప్రేరణ పొందాయి. అన్ని కార్డులూ మీరొక్కరే తయారుచేసుకోలేరు. కానీ తరగతిని బట్టి కాక చేసే పనిని బట్టి పిల్లలను కూర్చోబెట్టడం, రోజులో ఒక అరగంటైనా మీరు ఒక చిన్న గుంపుతోనే నేల మీద కూర్చోవడం రేపటి నుంచే చేయగలరు.

ఖర్చు లేని పని ఇంకొకటి ఉంది. ప్రశ్న అడిగాక కాస్త ఆగండి. మేరీ బడ్ రో అనే అమెరికా విద్యా పరిశోధకురాలు తరగతి గదుల్లో సంభాషణలను నమోదు చేసి పరిశీలించినప్పుడు, ప్రశ్న అడిగాక ఉపాధ్యాయులు సగటున ఒక సెకను మాత్రమే ఎదురుచూస్తున్నారని తేలింది. ఆ విరామాన్ని మూడు సెకన్లకు పెంచినప్పుడు పిల్లల జవాబులు పొడవయ్యాయి, ఎప్పుడూ నోరు విప్పనివారు మాట్లాడారు, పిల్లలే ఎదురు ప్రశ్నలు వేయడం పెరిగింది. మూడు సెకన్ల నిశ్శబ్దం మొదట్లో మనకే ఇబ్బందిగా ఉంటుంది. మనసులో మూడు అంకెలు లెక్కపెట్టుకోండి.

పర్యవేక్షణకు వచ్చినవారు అడిగితే ఇవేవీ మీ సొంత పైత్యం కాదని ధైర్యంగా చెప్పవచ్చు. 2009 విద్యాహక్కు చట్టంలోని 29వ సెక్షన్ కృత్యాలు, అన్వేషణ, ఆవిష్కరణల ద్వారా నేర్చుకోవడాన్ని పాఠ్యప్రణాళికలో పాటించవలసిన అంశంగా పేర్కొంది. 2020 జాతీయ విద్యావిధానం మూడు నుంచి ఎనిమిదేళ్ల వయసును ఒకే పునాది దశగా గుర్తించింది, ఆ దశకు 2022లో వచ్చిన జాతీయ పాఠ్యప్రణాళికా చట్రం ఆటను బోధనకు కేంద్రంగా పెట్టింది. ఎర్ర సిరా తగలని ఒక పుస్తకాన్ని కూడా ప్రతి పిల్లవాడికీ ఇవ్వండి. అందులో ఏమి రాసినా, ఏమి గీసినా దిద్దకండి. వారానికి ఒకసారి చదివి, ఒక వాక్యం జవాబుగా రాస్తే చాలు.

ప్రశ్న: విజయవాడలో ఒక ప్రైవేటు బడిలో నర్సరీ, ఎల్‌కేజీ పిల్లలకు చెబుతున్నాను. యాజమాన్యం, తల్లిదండ్రులు ఇద్దరూ నోటుపుస్తకం నిండాలంటారు. పిల్లలను ఉత్సాహపరచడానికి బాగా చేసినవారికి స్టార్లు, స్టిక్కర్లు ఇస్తున్నాం. ఇటీవల ఒక బాబు క్రేయాను పట్టుకోకముందే "స్టార్ ఇస్తారా టీచర్?" అని అడిగాడు. నాకు మనసు చివుక్కుమంది. నేను చేస్తున్నది సరైనదేనా?
— ఒక టీచరు

జవాబు: ఆ బాబు ప్రశ్న విని మీరు ఆగి ఆలోచించారు కదా, పిల్లలకు కావలసిన టీచరు అలాగే ఉంటుంది. మీ అనుమానానికి ఆధారం ఉంది. 1973లో మార్క్ లెపర్, డేవిడ్ గ్రీన్, రిచర్డ్ నిస్బెట్ అనే పరిశోధకులు అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయ ప్రాంగణంలోని శిశుపాఠశాలలో ఒక ప్రయోగ ఫలితాలను ప్రకటించారు. స్కెచ్ పెన్నులతో బొమ్మలు వేయడం తమంతట తామే ఇష్టపడే మూడు నుంచి ఐదేళ్ల పిల్లలను మూడు గుంపులు చేశారు. ఒక గుంపుకు, బొమ్మ వేస్తే బంగారు రంగు నక్షత్రం, రిబ్బను ఉన్న యోగ్యతా పత్రం ఇస్తామని ముందే చెప్పి ఇచ్చారు. రెండో గుంపుకు ముందు చెప్పకుండా, వేశాక ఇచ్చారు. మూడో గుంపుకు ఏమీ ఇవ్వలేదు. ఒకటి రెండు వారాల తర్వాత ఆటవేళలో స్కెచ్ పెన్నులు మామూలుగా బల్ల మీద ఉంచి, ఎవరెంతసేపు వాటితో గడుపుతారో గమనించారు. బహుమతి కోసమని తెలిసి వేసిన పిల్లలు మిగతా రెండు గుంపులతో పోలిస్తే దాదాపు సగం సమయమే బొమ్మలతో గడిపారు. అప్పటి వరకు ఆటగా ఉన్నది వాళ్లకు కూలి పనిగా మారింది.

ఈ ప్రయోగాన్ని బట్టి మెచ్చుకోవడమే తప్పని అనుకోకూడదు. అనుకోకుండా బహుమతి అందుకున్న పిల్లల ఇష్టం తగ్గలేదని గమనించండి. చిక్కు అంతా ముందుగా కుదుర్చుకునే బేరంలో ఉంది. స్టార్ స్థానంలో, మీరు బొమ్మలో చూసినదాన్ని మాటల్లో చెప్పండి. "ఎర్ర రంగు మీద పసుపు రుద్దావు, అక్కడ కొత్త రంగు వచ్చింది చూడు" అంటే, బాబు తాను చేసిన పనిని తానే మరోసారి చూసుకుంటాడు. "వెరీగుడ్" అనే మాటలో ఆ సమాచారం ఉండదు, పైగా పక్కన కూర్చున్న బిడ్డకు తన బొమ్మ గుడ్ కాదేమోనన్న బెంగ పుడుతుంది.

రాతపని విషయం తల్లిదండ్రులకు చెప్పవలసిందే. మణికట్టులోని చిన్న ఎముకలు పుట్టుకతో మృదులాస్థిగానే ఉండి, ఏళ్ల తరబడి ఒక్కొక్కటిగా గట్టిపడతాయి. నర్సరీ వయసుకు ఆ పని సగం కూడా పూర్తి కాదు, వేళ్ల కండరాలకు పట్టు కూడా చిక్కదు. అలాంటి చేతితో నాలుగు గీతల పుస్తకంలో పేజీలకు పేజీలు కాపీ రాయిస్తే వేళ్లు నొప్పి పుడతాయి, పెన్సిలు మీద విసుగు పుడుతుంది. బంకమట్టి పిసకడం, కాగితాన్ని చేత్తో చింపి అతికించడం, దారానికి పూలు గుచ్చడం, చిక్కుడుకాయలు తుంచడం, తడి చాక్‌పీసుతో నేల మీద పెద్ద ముగ్గులు గీయడం అదే చేతిని రాతకు సిద్ధం చేస్తాయి. యాజమాన్యాన్ని ఒప్పించడానికి ఒక దారి చెబుతాను. జూన్‌లో వేసిన బొమ్మను తేదీ రాసి భద్రపరచి, డిసెంబరు బొమ్మను దాని పక్కన పెట్టి తల్లిదండ్రుల సమావేశంలో చూపించండి. నాలుగు గీతల నుంచి నలుగురు మనుషుల దాకా వచ్చిన మార్పును ఏ తండ్రికీ విడమరచి చెప్పనక్కర్లేదు.

ప్రశ్న: సీతంపేట మన్యంలో అంగన్‌వాడీ టీచరును. మా కేంద్రానికి వచ్చే పిల్లలు ఇంట్లో సవర మాట్లాడతారు, నాకు అది కొద్దిగానే వచ్చు. ఆట వస్తువులు పాడైపోయాయి. పిల్లలు నా ముందు మౌనంగా కూర్చుంటారు, బయటికి వెళ్తే గలగలా మాట్లాడతారు. ఏమి చేయాలి?
— ఒక అంగన్‌వాడీ టీచరు

జవాబు: బయట గలగలా మాట్లాడే పిల్లలకు మాటలు రావనుకోలేం, లోపల వాళ్ల మాటకు చోటు దొరకడం లేదు. మీ ప్రాంతంలో ఈ పని నూరేళ్ల కిందటే మొదలైంది. గిడుగు వెంకట రామమూర్తి పంతులు గారు పర్లాకిమిడిలో ఉండగా సవర నేర్చుకుని, ఆ భాషలో వాచకాలు, పాటలు, కథలు సమకూర్చి, సవర పిల్లల కోసం సొంత ఖర్చుతో బడులు నడిపారు. పిల్లవాడికి తెలిసిన మాటతోనే చదువు మొదలవ్వాలని ఆయన నమ్మారు. వాడుక భాషా ఉద్యమకారుడిగా ఆయనను తలచుకునే మనం ఈ పనిని కూడా అంతే గౌరవంతో గుర్తుంచుకోవాలి.

మీరు సవర పూర్తిగా నేర్చుకునేదాకా ఆగనక్కర్లేదు. రోజుకొక వస్తువు చేతిలో పట్టుకుని "దీన్ని మీరేమంటారు?" అని పిల్లలనే అడగండి. వాళ్లు చెప్పింది మీరు పలకండి. మీరు తడబడితే నవ్వుతారు, సరిదిద్దుతారు, పెద్దరికం వాళ్లకు వస్తుంది, ఆ వెంటనే మాటలు వస్తాయి. వారానికి ఒకసారి ఊళ్లోని ఒక అవ్వనో తాతనో పిలిచి సవరలో కథ చెప్పించి, పిల్లలతో ఆ కథ ఆడించండి. పులి ఎవరు, చెట్టు ఎవరు అన్నది పిల్లలే తేల్చుకోవాలి. ఆడిన కథలోని మాటలను మరునాడు మీరు తెలుగులో చెప్పవచ్చు. అప్పటికి కథ తెలిసి ఉంటుంది కనుక కొత్త భాష భయపెట్టదు.

వస్తువుల కొరత మీ ఊళ్లో ఉండదు. అడ్డాకులు, వెదురు ముక్కలు, చింతపిక్కలు, గులకరాళ్లు, కొబ్బరి చిప్పలు, బంకమట్టి, ఈకలు తెచ్చి తాటాకు బుట్టల్లో విడివిడిగా, పిల్లల చేతికి అందే ఎత్తులో పెట్టండి. ఏది తీసుకుని ఏమి చేయాలో చెప్పకండి. ఒక హెచ్చరిక మాత్రం తప్పకుండా పాటించండి. గురివింద గింజలు ఎర్రగా, అందంగా ఉన్నాయని ఆ బుట్టల్లోకి రానివ్వకండి. వాటిలో ప్రాణాంతకమైన విషం ఉంది, నమిలి మింగితే ప్రమాదం. ఆముదపు గింజలూ అంతే. మూడేళ్ల లోపు పిల్లల దగ్గర ఏ చిన్న గింజనూ వదలవద్దు, ముక్కులోనో చెవిలోనో పెట్టుకుంటారు.

ప్రశ్న: మా మనవడు ఒకటో తరగతి. బొమ్మలు వేయడు, పాటలు పాడడు. ఎంతసేపూ టార్చిలైటు విప్పడం, "ఇదెందుకు ఇలా ఉంది?" అని ప్రాణాలు తోడేయడం. సృజనాత్మకత తక్కువేమోనని కోడలు బెంగపడుతోంది.
— ఒక తాతగారు, నెల్లూరు

జవాబు: కోడలు గారిని బెంగపడవద్దనండి. టార్చిలో సెల్లు తిరగేస్తే ఎందుకు వెలగదని అడిగే పిల్లవాడిది కూడా సృజనే. తొక్కుడుబిళ్లకు కొత్త నియమం కనిపెట్టడం, అరలోని గిన్నెలను తనదైన పద్ధతిలో సర్దడం కూడా ఈ కోవలోవే. మీరు తీరిక ఉన్నవారు కనుక ఒక పని చేయండి. ప్రశ్న రాగానే జవాబు చెప్పకుండా "నువ్వేమనుకుంటున్నావు?" అని అడిగి, ఆ అంచనా నిజమో కాదో ఇద్దరూ కలిసి చూడండి. ఒక పాత టార్చి, రెండు సెల్లులు, ఒక స్క్రూడ్రైవరు వాడి సొంతానికి ఇచ్చేయండి. కరెంటు ప్లగ్గుల జోలికి, పాత ఫోను బ్యాటరీల జోలికి మాత్రం పోనివ్వకండి. బొమ్మలు వేయమని బలవంతం వద్దు. విప్పిన టార్చిని మళ్లీ బిగించడానికి గుర్తుగా ఒక పటం గీసుకోమంటే గీస్తాడేమో చూడండి.

ప్రశ్న: డాలస్‌లో వారాంతపు తెలుగు తరగతిలో ఐదారేళ్ల పిల్లలకు స్వచ్ఛందంగా చెబుతున్నాను. అక్షరాలు దిద్దించడంతోనే గంట గడిచిపోతుంది, పిల్లలు విసుక్కుంటున్నారు. సొంతంగా రాయమంటే "పిల్లి"ని "పిలలి" అని, "అమ్మ"ను "అమమ" అని రాస్తున్నారు. ముందు అక్షరాలన్నీ, ఒత్తులన్నీ పూర్తి చేశాకే సొంత రాత మొదలుపెట్టాలా?
— ఒక తల్లి

జవాబు: అన్నీ పూర్తయ్యేదాకా ఆగితే, రాయాలన్న కోరిక అప్పటికి మిగలదమ్మా. వచ్చిన పది అక్షరాలతోనే రాయనివ్వండి. "పిలలి" అని రాసిన బిడ్డ చెవిని మెచ్చుకోవాలి. ఆ మాటలో లకారం రెండుసార్లు ఉందని, గుడి ధ్వని రెండో లకారం తర్వాతే వినిపిస్తుందని గ్రహించి, విన్న వరుసలోనే రాసింది. మన లిపిలో మాత్రం ఒత్తు కిందికి దిగుతుంది, గుడి పైనున్న లకారం నెత్తిన కూర్చుంటుంది. పలికే వరుస వేరు, రాసే వరుస వేరు కావడం వల్ల ఐదేళ్ల బిడ్డకు ఇది కష్టం. కొట్టివేసి సరైన రూపం పైన రాయకండి. ఆ పాప రాతను అలాగే ఉంచి, ఏమి రాసిందో మీకు చదివి వినిపించమని అడిగి, కింద వేరే వరుసలో మీరు "పిల్లి" అని రాయండి. రెండింటినీ పక్కపక్కన చాలాసార్లు చూసిన పిల్లలు ఒత్తు సంగతిని చాలావరకు తామే పట్టుకుంటారు. ఏడేళ్లు దాటాక కూడా అలాగే రాస్తుంటే అప్పుడు విడిగా నేర్పవచ్చు.

దిద్దడాన్ని తరగతిలో పది నిమిషాలకు తగ్గించి, మిగతా సమయంలో పిల్లలు చెప్పే కథలను మీరు రాసుకోండి. "మా డాగ్ స్నోలో జంప్ చేసింది" అని చెబితే అలాగే తెలుగు లిపిలో రాయండి. ఇంగ్లిషు మాటలు తీసేసి మీ మాటలు పెడితే అది మీ కథ అవుతుంది. చదివి వినిపించాక "స్నోను అమ్మమ్మ ఏమంటుందో ఫోన్‌లో అడుగుదామా?" అంటే, మంచు అన్న మాట అవసరం కొద్దీ వాళ్ల నోటికి వస్తుంది. అలా పోగైన కథలను పిల్లలే బొమ్మలు వేసి, అట్ట వేసి, తరగతి పుస్తకంగా కుట్టి, వంతులవారీగా ఇంటికి పంపండి. ఇంట్లో చదివేటప్పుడు తప్పులు దిద్దవద్దని తల్లిదండ్రులకు లోపలి అట్ట మీద ఒక వాక్యం రాసి పెట్టండి.